ఓడెక్కిన కూలి

ధర్మవరంలో ఇద్దరు నేతన్నలు కలిస్తే చీరకు కూలి ఎంత కట్టారన్న మాట రాకుండా ఉండదు. మగ్గం సొంతమైనా పట్టూ జరీ షావుకారువైతే, నేసినవారి చేతికొచ్చేది కూలే. అంచు పెద్దదై బుటాలు పెరిగితే కూలీ పెరగాలి, అక్కడే బేరం. హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో "కూలికి పోతాండాం" అంటారు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నా, బెంగళూరు కట్టడాలకు రైలెక్కేవారిది ఇప్పటికీ కూలే. ఈ వాడుకలన్నిటా కూలి అంటే డబ్బు, పనికి కట్టిన వెల. పని చేసేవారు కూలివాడు, కూలామె.

సముద్రం దాటాక వెల పోయి మనిషే మిగిలాడు.

యూరపు భాషల్లోని 'కూలీ' పోర్చుగీసువారు దక్షిణాదిన విన్న ఈ మాటేనని కొందరు, గుజరాత్ కోలీల పేరే మూలమని మరికొందరు అంటారు. రెండూ కలిసిపోయి ఉండవచ్చు. 1605 నుంచే మచిలీపట్నంలో వ్యాపారం సాగించిన డచ్చివారి భాషలో అది 'కూలీ'గా కుదురుకుంది. సుమత్రా పొగాకు తోటల కోసం వారు 1880లో తెచ్చిన కూలీ చట్టం, ఒప్పందం మధ్యలో పని మానినవారిని జైలుకు పంపింది. డచ్చిలో 'కూలీవెర్క్' అంటే ఈనాటికీ గొడ్డుచాకిరీ.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. చెరకు తోటలకు ఒప్పందంపై వచ్చిన ఆ జనంలో తెలుగువాళ్లూ ఉన్నారు. తర్వాత వ్యాపారి, గుమాస్తా, చివరికి 1893లో దిగిన గాంధీ కూడా తెల్లవారి నోట కూలీలే అయ్యారు. ఆయన 'కూలీ బారిస్టర్'. ఆఫ్రికాన్స్‌లో ఈ మాట భారతీయులను తిట్టే తిట్టుగా స్థిరపడింది. డచ్చి వలస సురినామ్‌కు 1873లో 'లల్లా రూఖ్' ఓడలో కలకత్తా నుంచి చేరినవారికీ అక్కడి క్రియోల్ భాష స్రానన్‌లో ఇదే పేరు, ఇదే చులకన. జమైకావాళ్లు మరో అడుగు వేసి మన రేగుపండును 'కూలీ ప్లమ్' అన్నారు! మారిషస్ కవి ఖాల్ తొరాబుల్లీ ఆ అవమానాన్నే తిరగేసి 'కూలిట్యూడ్' అనే భావన నిలబెట్టాడు.

దక్షిణాఫ్రికా రచనలను తెలుగు చేసేవారికి ఇక్కడే చిక్కు. 'కూలీ' అని ఉన్నదున్నట్టు దించేస్తే ధర్మవరం పాఠకుడికి చెమట గుర్తొస్తుంది, తిట్టు వినపడదు. అనువాదకులు అలాంటి చోట ఒక్క వాక్యం వివరణ అయినా చేర్చాలని మా మనవి.