మూలనున్న ముచ్చట

తెల్లవారి పత్రిక చేతికి రాగానే పెద్దమనిషి మొదట ఏమి చదువునో తెలియవలెనన్నచో ఆయనను అడుగరాదు, దూరముగా నిలిచి చూడవలెను. అడిగినచో సంపాదకీయము అనును. చూచినచో ఆయన దృష్టి తిన్నగా లోపలి పుటలో ఒక మూలకు పోవుచుండును. అచ్చట నాలుగైదు చిన్న ముచ్చట్లుండును: ఎక్కడనో కోతి కచేరీలో దూరి దస్త్రములు చించినది, ఎవరి దొడ్డిలోనో గుమ్మడికాయ మనిషి ఎత్తలేనంత కాసినది, ఏదో ఊరిలో పెండ్లికొడుకు పడవ తప్పి ముహూర్తమునకు ఏరు ఈదివచ్చినాడు. విజయవాడ గవర్నరుపేటలో టీ దుకాణమున నలుగురు ఒక పత్రికను పంచుకొని చదువునప్పుడును చేతులు సాగునది ఈ మూల ఉన్న కాగితము కొరకే. రాజకీయముల పుట చివరివాని వంతు.

ఈ మూలను గూర్చి పాఠశాలలందు ఒక అభియోగము కలదు. ఇది పొద్దుపుచ్చు సరకనియు, విద్యార్థి దీనికి అలవాటుపడినచో గట్టి వ్యాసము చదువు ఓపిక నశించుననియు, లోకజ్ఞానమనగా బఠాణీలవలె విడివిడి సంగతులను నోట వేసికొనుటయే అని భ్రమించుననియు ఉపాధ్యాయులందురు. ఇందులో నిజము లేకపోలేదు. ప్రకాశం బ్యారేజీకి ద్వారములెన్ని అని అడుగగానే 70 అని కేకవేయు బాలుడు, అది ఎందుకు కట్టవలసివచ్చినదని అడిగినచో నేల చూచును. కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852-55 నడుమ కట్టిన పాత ఆనకట్టకు 1952లో గండి పడినది. దాని పనిని అందుకొనుటకు 1957 నాటికి ఈ కొత్త కట్టడము లేచినది. సంఖ్య చెప్పి కథను విడిచినది చెడ్డ ముచ్చట. సంఖ్యతో ఆశపెట్టి కథలోనికి లాగినది మంచి ముచ్చట. కనుక తప్పు మూలది కాదు, దానిని నింపినవానిది.

నింపినవారు ఒకప్పుడు సామాన్యులు కారు. బందరున 1902లో పుట్టిన కృష్ణాపత్రిక గంభీరమైన పత్రిక. 1907 నుండి 1945 వరకు దానిని నడిపిన ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయములు తత్త్వోపన్యాసముల వంటివి. అయినను ఆయన చుట్టు చేరు మిత్రగోష్ఠికి 'దర్బారు' అని పేరు. అచ్చట తత్త్వమునకును చమత్కారమునకును ఒకే చాపపై చోటుండెడిది. ఆ పత్రికలోనే రావూరు వెంకట సత్యనారాయణరావుగారు 'వడగళ్ళు' అను శీర్షికను నడిపిరి. ఆంధ్రప్రభలో 'ఆషామాషీ' వ్రాసినదియు ఆయనయే. వడగళ్ళు అను పేరు చాల తగినది. వాన కురియుచుండగా నడుమ టపటప రాలును, నెత్తిన తగిలినచో చురుక్కుమనును, పిల్లలు పరుగెత్తి ఏరుకొందురు, గుప్పిట తెరచునప్పటికి కరగిపోవును. కరగుట వాని ధర్మము. తగిలిన చోటు మాత్రము కొంతసేపు గుర్తుండవలెను.

అంతకు ముందే పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు తమ 'సాక్షి' వ్యాసములకు, ఇంగ్లండున 1711లో ఎడిసన్, స్టీల్ నెలకొల్పిన 'స్పెక్టేటరు'ను ఒరవడిగా తీసికొనిరి. ఆ పత్రిక ఆదివారము తప్ప ప్రతిదినమును వెలువడెడిది. కాఫీ దుకాణములలోని వాదములు, స్త్రీల విసనకఱ్ఱలు, నాటకశాలలోని అల్లరి దానికి ప్రియమైన విషయములు. జంఘాలశాస్త్రి గొంతు చించుకొని మాటాడినదియు ఇట్టి నిత్యజీవితమును గూర్చియే. వీరిలో ఎవరును చిన్న విషయమును చిన్నచూపు చూడలేదు.

నేటి మూలకు రెండు జబ్బులు పట్టినవి. మొదటిది దూరము. వింత అనగానే అది ఖండాంతరమున జరిగి తీరవలెను. పక్కవీధి వింత వింత కాదు. రెండవది ఇంకను చెడ్డది: ఊరు, పేరు, తేదీ లేకుండుట. 'ఒక గ్రామములో', 'ఒక వ్యక్తి', 'ఇటీవల' అని మొదలగు ముచ్చటకు కాళ్ళుండవు, కనుకనే కాబోలు అది ఎంత దూరమైనను పోవును. వాట్సాపులో పదియేండ్లనాటి వింత నేటి వింతయై, ఒకసారి కేరళలోను మరియొకసారి కర్నూలులోను జరుగుచుండును.

కృష్ణా డెల్టాలో వింతలకు కరవు వచ్చినదా అనిన, అదియు లేదు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున గాంధీగారికి జెండా నమూనా నిచ్చిరని పాఠ్యపుస్తకములు చెప్పును. జనులు ఆయనకు మూడు పేర్లు పెట్టిరని మాత్రము పిల్లలకు అంతగా తెలియదు. జపాను భాష నేర్చినందున జపాన్ వెంకయ్య, కంబోడియా పత్తిపై కృషి చేసినందున పత్తి వెంకయ్య, వజ్రముల శాస్త్రమెరిగినందున డైమండు వెంకయ్య. ఈ మూడు పేర్లు విన్న బాలుడు మొదట నవ్వును. నవ్విన పిమ్మట, జెండా గీసిన మనిషికి పొలముతోను గనితోను ఏమి పని యని అడుగును. ఆ ప్రశ్న పుట్టించుటకు నాలుగు పంక్తులు చాలును. అట్లే విజయవాడ బస్సు నిలయమున 'బందరు, బందరు' అని కేకవేయువాడు తాను పారశీకము పలుకుచున్నానని ఎరుగడు. ఆ భాషలో బందరు అనగా రేవు. కావున బందరు రేవు అనుట రేవు రేవు అనుటయే. అయినను ఎవరికిని అభ్యంతరము కనబడదు.

ఇంతవరకు వినోదము. ఇట్టి ముచ్చటయే వినోదమును మించిన పని చేయవలసిన సమయములును ఉండును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలను ముంచినది. అదే సమయమున బ్యారేజీవద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారినది. త్రాళ్ళు తెంచుకొని వచ్చిన పడవలు ద్వారములను ఢీకొని అచ్చటనే చిక్కుకొన్నవి. మైలవరము కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు ఆ ఏరు ఊరిలోనికి వచ్చుట కొత్త కాదు. 2005లోను వచ్చినది. నడుమ 19 ఏండ్లు గడచినవి. అన్ని ఏండ్లలో వీధులు పుట్టును, మేడలు లేచును, ఇండ్లు చేతులు మారును. 'ఆనాడు మా అరుగు మూడవ మెట్టువరకు నీరు నిలిచినది' అని ఒక ముసలమ్మ చెప్పినచో, అది ముసలివారి ముచ్చట యని కొత్తగా స్థలము కొనువాడు చిరునవ్వు నవ్వి ఊరకుండును. ఆ మెట్టే వీధి పేరుతో, తేదీతో నాడు పత్రిక మూలలో అచ్చయి, ఒక ఉపాధ్యాయుడు దానిని కత్తిరించి పుస్తకములో అంటించి యుండినచో, స్థలము కొనువాడు దానిని చూచి మరియొకసారి ఆలోచించి యుండెడివాడేమో.

వరద వచ్చినప్పుడెల్ల బెజవాడలో ఒక మాట లేచును. కృష్ణమ్మ ఇంద్రకీలాద్రి నెక్కి కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకిననాడు యుగాంతమట. సొగసైన కథ, దానిని కథగా అచ్చువేయుటలో దోషము లేదు. ప్రక్కనే ఆనాటి నీటిమట్టమును అచ్చువేయవలెను. ఊరిలో ముక్కుపుడక అందరికిని జ్ఞాపకమున్నది, మెట్టు ఎవరికిని జ్ఞాపకము లేదు.

మెట్లు లెక్కపెట్టినవారు తెలుగున లేకపోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరున మరలివచ్చిరి. దారి పొడుగున చూచిన సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా వ్రాసిరి. 1838లో అవి 'కాశీయాత్రచరిత్ర'గా అచ్చయినవి. మజిలీల నడుమ దూరమెంత, బాట ఇసుకదా రాతిదా, బసకు చోటున్నదా, ఏమేమి దొరకును, ఏటిని దాటుట ఎట్లు అను ఇట్టి సంగతులు ఆ కాలపు పండితునకు వ్రాయదగినవిగా తోచియుండవు. నేడు చరిత్ర పరిశోధించువాడు ఆ పుస్తకమును తెరచునది ముఖ్యముగా వానికొరకే. కాశీ పుణ్యము ఆయనది, దారి లెక్క తెలుగువారిది.

ఆ జాబులు వ్రాసిన 33 ఏండ్లకు, 1864 నవంబరు 1వ తేదీన బందరుపై ఉప్పెన విరుచుకొనిపడినది. సుమారు 30,000 మంది మరణించిరని గ్రంథములు చెప్పును. ఆ అంకె ప్రతి గ్రంథమునను దొరకును. ఆ ముందునాడు బందరు బజారున చేప ధర ఎంత, ఏ వీధిలో ఎవరింట పెండ్లి, రేవులో పిల్లలు ఏ ఆట ఆడుచుండిరి అని తెలియగోరువాడు వెదకి వెదకి అలసిపోవును. కృష్ణాపత్రిక పుట్టుటకు అప్పటికి ఇంకను 38 ఏండ్లున్నవి. 'వడగళ్ళు' ఇంకను దూరము.

పెక్కు పాఠశాలలందు ఉదయ ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి వార్తలు చదువు ఆచారము కలదు. ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, క్రికెట్టు, ఉష్ణోగ్రత అని అతడు ముగించును. తోడివారు కాళ్ళు మార్చుకొని నిలుచుందురు. ఆ వార్తల చివర సొంత ఊరి ముచ్చట యొకటి చేర్చుటకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు. బందరు కాలువకు ఈ ఏడు నీరు ఏ తేదీన వచ్చినది, ఆ నీటితో మొదట కొట్టుకొనివచ్చినదేమి: గుఱ్ఱపుడెక్కయా, కొబ్బరిబోండములా, ఎవరిదో జత తప్పిన చెప్పా? నూజివీడు మామిడి అంగటికి ఎన్నడు వచ్చినది, మొదటి దినమున ధర ఎంత? వ్రాసి తెచ్చిన బాలుని ఉపాధ్యాయుడు రెండే ప్రశ్నలడుగవలెను: నీవు చూచితివా, వింటివా? వినినచో ఎవరు చెప్పిరి?

మొదటి వారము పిల్లలు రెండు తలల దూడనే తెత్తురు, అది తప్పదు. ఏ ఊరి దూడ, ఏ తేదీన పుట్టినది, కట్టిన దొడ్డి ఎవరిది అని అడిగినచో రెండవ వారమునకు దూడకు ఒక తల తగ్గును. మూడవ వారమునకు దూడ పోయి కాలువ వచ్చును.