పైనున్న జట్టు ముందున్నట్టేనా?

క్రికెట్ మగవాళ్ల కాలక్షేపం అన్న మాట పాతబడిపోయింది. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగానే ముందుగదిలోకి వచ్చి స్కోరు చూసి వెళ్లే ఇల్లాళ్లు చాలామందే ఉన్నారు. ఆట బాగానే అర్థమవుతోంది. చిక్కల్లా మ్యాచ్ అయ్యాక చూపించే పాయింట్ల పట్టికతోనే!

సీజన్ సగంలో ఉండగా అన్ని జట్లూ సమానంగా ఆడి ఉండవు. ఆరు మ్యాచ్‌లాడి నాలుగు గెలిచిన జట్టుకి 8 పాయింట్లు. నాలుగే ఆడి మూడు గెలిచిన జట్టుకి 6 పాయింట్లు. పట్టికలో మొదటిది పైన, రెండోది కింద. చూసేవాళ్లు మొదటిదే గొప్ప జట్టనుకుంటారు. ఇదేం లెక్కండీ?

మన ఇంటి లెక్కే చూద్దాం. ఒక పిల్లాడు ఆరు పరీక్షలు రాసి 480 మార్కులు తెచ్చుకున్నాడు. జ్వరమొచ్చి ఒక పరీక్ష మానేసిన పిల్ల ఐదింటిలో 425 తెచ్చుకుంది. ఎవరు బాగా చదువుతున్నారంటే ఏ తల్లయినా ఏం చెబుతుంది? వాడికి పరీక్షకి 80, పిల్లకి 85. ఇంత సులువైన సంగతి పెద్ద పెద్ద లీగులకి పట్టదెందుకని?

పట్టక తప్పని రోజు ఒకసారి వచ్చింది. అదీ ఆడవాళ్ల ఆటలోనే. 2020లో కరోనా వల్ల ఇంగ్లండ్‌లో మహిళల ఫుట్‌బాల్ లీగ్, విమెన్స్ సూపర్ లీగ్, మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికి మాంచెస్టర్ సిటీ 16 మ్యాచ్‌ల్లో 40 పాయింట్లతో పైనుంది. చెల్సీ 15 మ్యాచ్‌ల్లో 39తో రెండో స్థానంలో ఉంది. మ్యాచ్‌కి ఇన్ని పాయింట్లని లెక్కగడితే సిటీకి 2.5, చెల్సీకి 2.6. ఆ జూన్‌లో టైటిల్ చెల్సీకే ఇచ్చారు. అంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టది!

ఆ ఏడాది నవంబర్‌లో టెస్ట్ చాంపియన్‌షిప్‌కీ ఐసీసీ ఇలాంటి పద్ధతే తెచ్చింది. వచ్చే వీలున్న పాయింట్లలో ఎంత శాతం తెచ్చుకున్నారన్నది చూస్తారు. దాంతో 360 పాయింట్లున్న మన జట్టు 75 శాతంతో రెండో స్థానానికి దిగింది. 296 పాయింట్లే ఉన్న ఆస్ట్రేలియా 82 శాతంతో పైకెళ్లింది. మనకి కష్టంగా అనిపించినా న్యాయం న్యాయమే కదా! తర్వాత మనవాళ్లు గెలిచి ఆ లెక్కలోనే మళ్లీ మొదటి స్థానానికి వచ్చారు.

‘చేతికొచ్చిన పాయింట్లు ఖాయం, ఆడని మ్యాచ్ గెలుస్తారని నమ్మకమేమిటి?’ అని అడిగేవాళ్లుంటారు. సబబైన ప్రశ్నే. ఒక్క మ్యాచ్ ఆడి గెలిచిన జట్టుకి నూటికి నూరు శాతమని అందలమెక్కిస్తే నవ్వులాటే అవుతుంది. అందుకే నేననేది, మొదటి రెండు మూడు మ్యాచ్‌లదాకా ఏ పట్టికనీ పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత మాత్రం శాతాన్ని బట్టే వరస పెట్టాలి. పాయింట్లు పక్కనే ఉండనివ్వండి. ఇంకా ఎన్ని మ్యాచ్‌లు మిగిలాయో కూడా కనపడేలా వేయండి. చివరికి అందరూ సమానంగా ఆడతారు కాబట్టి అప్పుడు రెండు లెక్కలూ ఒకటే అవుతాయి, ఎవరికీ నష్టం లేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత వాదన ఎందుకంటారా? ‘ఎన్ని గెలిచావు?’ అని అడిగేముందు ‘నీకెన్ని ఆడే వీలు దొరికింది?’ అని అడగడం నేర్పే లెక్క ఇది. ఆడపిల్లల విషయంలో ఆ రెండో ప్రశ్న వేసేవాళ్లే తక్కువ. కనీసం ఆటల పట్టికలోనైనా దాన్ని ముందు అడగడం అలవాటు చేసుకుందాం.