తాలా మనది, చాబీ ఎవరిది?

మన ఇళ్లలో జేవర్ అంటే ఉత్త బంగారం కాదు. అమ్మీ కంగన్‌లు, బిడ్డ నికాహ్ కోసం పైసా పైసా కూడబెట్టి కొన్న తులాలు, గల్ఫ్‌లో భాయ్ చెమటోడ్చిన కమాయి. వాటి హిఫాజత్ కోసమే డిజిటల్ తిజోరీ కొంటున్నాం. "నంబర్ మీకూ ఖుదాకూ తప్ప ఎవరికీ తెలీదు సాబ్" అంటాడు దుకాణ్‌దారు. ఆ భరోసా ఎంత నిజమో అడగాల్సిన వక్త్ వచ్చింది.

అమెరికా సంగతే చూడండి. 2023లో లిబర్టీ సేఫ్ అనే పెద్ద కంపెనీ, ఒక ఖరీద్‌దారు తిజోరీ కోడ్‌ని ఎఫ్‌బీఐకి ఇచ్చింది. వారంట్ చూపించారంది. సరే, కానూన్ కానూనే. కానీ అమ్మేసిన తిజోరీ కోడ్ కంపెనీ దగ్గర ఎందుకున్నట్టు? జనం మండిపడ్డాకే, అడిగినవాళ్ల కోడ్ రికార్డు చెరిపేస్తామంది.

2025 ఆగస్టులో లాస్ వేగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ సభలో మార్క్ ఓమో, జేమ్స్ రౌలీ అనే ఇద్దరు పరిశోధకులు సెక్యూరామ్ ప్రోలాజిక్ తాళాల గుట్టు విప్పారు. నంబర్ మరిచిపోయినవాళ్ల కోసం తాళాల మేస్త్రీలకు పెట్టిన రీసెట్ సౌకర్యమే ఒక దారి. బ్యాటరీ గూట్లో దాగిన పోర్టు ఇంకో దారి. గునపం లేదు, డ్రిల్లు లేదు.

"ఇంటి పెద్ద మౌత్ అయితే వారసులు ఎలా తెరవాలి?" అంటారు కంపెనీల తరఫువాళ్లు. సవాల్ జాయజే. జవాబు కూడా సీదాగానే ఉంది. ఆ రెండో నంబర్ ఆ ఖాందాన్ చేతిలోనే ఉండాలి, ఫ్యాక్టరీ రిజిస్టర్లో కాదు.

చవక తిజోరీల హాల్ ఇంకా అధ్వాన్నం. చాలావాటికి కీప్యాడ్ దగ్గర మూత కింద మామూలు చాబీ రంధ్రం ఉంటుంది. కొన్ని ఫ్యాక్టరీ కోడ్‌తోనే వస్తాయి. మార్చకపోతే, ఆ కోడ్ తెలిసిన ఎవరైనా తెరవొచ్చు.

అందుకే బేరం ఆడేముందు నిలదీయండి. ఇంకో కోడ్ ఉందా? ఎవరి దగ్గర? దాన్ని మేం చెరిపేయొచ్చా? జవాబు కాగితం మీద రాసివ్వమనండి. ఇంటికి రాగానే ఫ్యాక్టరీ కోడ్ మార్చండి, చాబీని వేరే చోట దాచండి, తిజోరీని గోడకి బోల్టులతో బిగించండి.

అమానత్‌లో ఖయానత్ అంటే దోచుకోవడం ఒక్కటే కాదు. రెండో చాబీ ఉందన్న మాట దాచి అమ్మడం కూడా ఖయానతే.