పెద్దల మీద గౌరవమా, పెద్దింటి భయమా?

పదేళ్లు దాటిన పిల్లాడు పెద్దవాళ్లకి ఎదురు మాట్లాడితే రెండు తగిలించాలి, అప్పుడే దారికొస్తాడు. చింతలపూడి బస్టాండు దగ్గర టీ తాగేవాళ్లని అడిగినా, ఏలూరులో అపార్ట్‌మెంటు మెట్ల మీద కలిసినవాళ్లని అడిగినా, తాడేపల్లిగూడెం మార్కెట్లో బేరాలాడుతున్నవాళ్లని అడిగినా ఈ మాటే చెబుతారు. చదువుకున్నవాళ్లు కాస్త మెత్తగా చెబుతారు, అంతే తేడా. బడికి వెళ్లి, "కళ్లు రెండూ వదిలేసి తోలు తీసేయండి మాస్టారూ, మేమేం అనుకోం" అని చెప్పి వచ్చే తండ్రులు మా మెట్ట ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు.

ఈ అభిప్రాయం తప్పు. పిల్లలు పెద్దల్ని ఎంత మాటైనా అనొచ్చని నేను అనడం లేదు. తల్లిని "నీకేం తెలుసు, నోర్ముయ్" అన్న పదకొండేళ్ల పిల్లని ఆపాలి, ఆ రోజే ఆపాలి. కానీ మనం కొట్టి ఆపుతున్నది అగౌరవాన్ని అని నమ్మేవాళ్లు ఒక్కసారి తమ ఇంట్లో, తమ ఊళ్లో జరిగేది చూడాలి.

చింతలపూడి దగ్గర ఒక పల్లెలో పెళ్లికి వెళ్లాను. పందిట్లో ఓ పెద్దమనిషి పామాయిల్ గెలల ధర గురించి నలుగురికీ చెబుతున్నాడు. పక్కనే ఆరో తరగతి చదివే తమ్ముడి కొడుకు నిలబడి, "అలా కాదు పెదనాన్నా, మొన్న నువ్వే వేరే రేటు చెప్పావు" అన్నాడు. వాళ్ల నాన్న లేచి చెంప మీద కొట్టాడు. "పెద్దవాళ్ల మాటకి అడ్డొస్తావా?" అన్నాడు. అందరూ తలలూపారు. కాసేపటికి అదే కుర్రాడు, వాళ్ల తోటలో గెలలు కోసే ముసలాయన్ని, తన తాత వయసు మనిషిని, పేరు పెట్టి పిలిచి "ఒరేయ్, ఆ కుర్చీలు ఇటు పట్రా" అన్నాడు. ఆయన "అలాగే బాబూ" అని తెచ్చి వేశాడు. పందిట్లో ఒక్కరూ తలెత్తి చూడలేదు. కొట్టిన తండ్రి అక్కడే ఉన్నాడు.

ఆ కుర్రాడు మొదటిసారి అన్నదాంట్లో తిట్టు లేదు, వెక్కిరింత లేదు. వరస పెట్టి పిలిచాడు, తనకు గుర్తున్న నిజం చెప్పాడు. రెండోసారి అన్నది నిఖార్సయిన అవమానం. మనం మొదటిదానికి చెంపదెబ్బ వేసి, రెండోదాన్ని మామూలుగా వదిలేశాం. పదకొండేళ్ల బుర్రకి అందులోంచి అర్థమయ్యే పాఠం ఒక్కటే: మర్యాద వయసును బట్టి ఇచ్చేది కాదు, ఎదుటివాడు తిరిగి కొట్టగలడా లేదా అన్నదాన్ని బట్టి ఇచ్చేది. పొలం ఉన్న పెదనాన్న దగ్గర నోరు మూసుకోవాలి. కూలికి వచ్చే తాతని ఏమన్నా అడిగేవాళ్లు ఉండరు. ఇంతకంటే చెడ్డ చదువు పిల్లవాడికి మరొకటి చెప్పలేం. దాన్ని క్రమశిక్షణ అని పిలుస్తున్నాం.

ఈ లెక్కలో కులం ఉంది, దాచిపెట్టి ప్రయోజనం లేదు. చింతలపూడి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎన్నికలప్పుడు ఆ అభ్యర్థిని "గారు" అని పిలిచే ఇళ్లల్లోనే, పాలేరుని పదేళ్ల పిల్లలు ఏకవచనంలో పిలుస్తుంటే వినీ విననట్టు ఊరుకుంటారు. ఆడా మగా తేడా కూడా ఉంది. అన్న గొంతు పెంచితే "మగపిల్లాడు, కోపం ఎక్కువ" అంటారు. చెల్లెలు అదే గొంతుతో ఒక్క ప్రశ్న అడిగితే "ఆడపిల్లకి అంత నోరేంటి, రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తావు" అంటారు. అగౌరవమే నేరమైతే ఇద్దరికీ ఒకటే శిక్ష పడాలి కదా.

ఇంకో సంగతి. ఈ నోటి దురుసుని నేర్పేదీ మనమే. మూడేళ్ల బిడ్డని ఒళ్లో కూచోబెట్టుకుని "మావయ్యని ఓ తిట్టు తిట్టమ్మా", "తాతయ్యని కొట్టు, కొట్టు" అని ముద్దు చేయని ఇల్లు మన వైపు ఎక్కడుంది? వాడు వచ్చీరాని మాటలతో తిడితే ఇల్లంతా పకపకా నవ్వుతారు, ఇంకోసారి అనమంటారు. అదే నోరు అదే మాట పదేళ్లకి అంటే తెగ్గొట్టాలంటారు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు.

కొట్టడానికి శాస్త్రం తెచ్చుకునేవాళ్లు చూపించే సంస్కృత సామెత ఒకటుంది, కర్రకి పది గుణాలని. ఆ శ్లోకం మొత్తం చదివినవాళ్లు తక్కువ. అందులో చెప్పింది చేతికర్ర ఉపయోగాలు: పక్షుల్ని, కుక్కల్ని, శత్రువుల్ని, పాముల్ని, పశువుల్ని అదిలించడానికి, బురదలో, నీళ్లలో, చీకట్లో నడవడానికి, చూపు లేనివాళ్లకి, ముసలితనంలో ఊతంగా. ఆ పదింటిలో పిల్లల ఊసే లేదు.

మన సంప్రదాయం అంటే ఎదురు చెప్పకుండా ఉండటమే అనేవాళ్లకి ప్రహ్లాదుడు గుర్తు రావాలి. పోతన భాగవతం నుంచి ఆ బాలుడి పద్యాలు తరతరాలుగా బడిలో పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ఆ పిల్లవాడు చేసింది ఎదురు చెప్పడమే, అదీ కన్నతండ్రికి, చదువు చెప్పిన చండామార్కులకి. తండ్రి ఏనుగుల చేత తొక్కించాడు, విషం పెట్టించాడు, కొండల మీద నుంచి తోయించాడు. ఇంత జరిగినా ఆ బాలుడు తండ్రిని ఒక్క నీచమైన మాట అనలేదు, తన మాట మాత్రం మార్చుకోలేదు. చివర్లో వరం కోరుకోమంటే తండ్రి పాపం పోవాలని కోరుకున్నాడు. విషయంలో ఎదురు నిలవడం వేరు, మనిషిని కించపరచడం వేరు అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన కథ మనకు లేదు. ఆ తేడా తెలుసుకోవాల్సింది కొట్టే చెయ్యి ఉన్నవాళ్లు.

రచయిత చలం స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడు. బడులు, దెబ్బలు దగ్గర నుంచి చూసినవాడు. "బిడ్డల శిక్షణ"లో పిల్లల్ని కొట్టే హక్కు పెద్దలకు లేదని వాదించాడు. ఆయన మిగతా రాతలతో వందసార్లు పోట్లాడండి, ఈ ఒక్క విషయంలో లోకం ఆయన వైపే నడిచింది. స్వీడన్ 1979లో ఇంట్లో తల్లిదండ్రులు కొట్టడాన్ని కూడా నిషేధించింది. మన పక్కనున్న నేపాల్ 2018లో ఆ పని చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే బడిలో దెబ్బల్ని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని కొట్టడంతో పాటు మనసును వేధించడాన్నీ నేరుగా నిషేధించింది. అమెరికా పరిశోధకులు గెర్షాఫ్, గ్రోగన్-కేలర్ 2016లో 75 అధ్యయనాలను, అంటే దాదాపు లక్షా అరవై వేల మంది పిల్లల వివరాలను, కలిపి చూశారు. పిరుదుల మీద వేసే మామూలు దెబ్బలే ఎక్కువ మొండితనంతో, ఎక్కువ కోపంతో, తల్లిదండ్రులతో చెడిన సంబంధంతో ముడిపడి కనిపించాయి. మాట వింటారని కొడితే మాట వినడం పెరిగిన జాడ వాళ్లకి దొరకలేదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట గ్రామంలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి, గుంజీళ్లు తీశాడు. మేం కొట్టలేం, తిట్టలేం, ఏం చేయాలని వాపోయాడు. ఆ వీడియో చూసి చాలామంది "బెత్తం తీసేస్తే ఇదే గతి" అన్నారు. నాకు ఆయన్ని చూస్తే బాధ వేసింది, గౌరవం కూడా కలిగింది. తన కోపాన్ని పిల్లల ఒంటి మీద తీర్చుకోని మనిషి. అయితే ఆయన నిస్సహాయత బెత్తం లేకపోవడం వల్ల వచ్చింది కాదు. తరతరాలుగా ఉపాధ్యాయుడికి మనం ఇచ్చిన పనిముట్టు బెత్తం ఒక్కటే. దాన్ని తీసుకున్నాం, దాని చోట శిక్షణ ఇవ్వలేదు, సలహాదారుని ఇవ్వలేదు, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించలేదు, ఇంటి నుంచి సాయం అందించలేదు. ఆ లోటు పూడ్చమని ప్రభుత్వాన్ని నిలదీయాలి గానీ పిల్లల వీపులు అప్పజెప్పకూడదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది వేరే ఉంది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తింటున్నారని తేలింది. ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లలో 88.6 శాతాన్ని కొట్టింది కన్నవాళ్లే. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఆ శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది తెలిసినవాళ్లు, మనం నమ్మి పిల్లల్ని అప్పగించినవాళ్లు. మావయ్య, ట్యూషన్ మాస్టారు, పక్కింటి పెద్దాయన. వాళ్లకి మనమే దారి వేసి పెడుతున్నాం. పెద్దవాళ్లు ఏం చెప్పినా కాదనకూడదని పదేళ్లు నూరిపోసిన పిల్ల, ఒంటి మీద చెయ్యి వేసిన పెద్దమనిషిని "వద్దు" అని ఎలా అంటుంది? పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడటానికి 2012లో పోక్సో చట్టం వచ్చింది. కానీ దాని దాకా వెళ్లాలంటే ముందు ఒక పిల్ల ఒక పెద్దవాడికి ఎదురు మాట్లాడాలి, పెద్దవాళ్లలో ఇంకొకరు ఆ మాట వినాలి. ఎదురు మాట్లాడే గొంతుని ఆరో తరగతిలోనే నులిమేస్తే ఏ చట్టం ఏం చేస్తుంది?

అయితే ఏం చేయాలంటారా? చేయవలసింది దెబ్బకన్నా కష్టమైన పని, అందుకే చేయం. పిల్లాడు నోరు జారినప్పుడు చుట్టాల ముందు పరువు తీయకుండా పక్కకి తీసుకెళ్లాలి. వాడు చెప్పిన విషయం నిజమైతే ముందు అది ఒప్పుకోవాలి: "రేటు నువ్వు చెప్పిందే కరెక్టు." తర్వాత అన్న తీరు గురించి మాట్లాడాలి: "అదే మాట గొంతు తగ్గించి మళ్లీ చెప్పు." ఎవరినైనా నొప్పించి ఉంటే, ఆ మనిషి దగ్గరికి వాడే వెళ్లి, మొహం చూసి, తప్పయిందని చెప్పాలి. ఆ మనిషి అమ్మమ్మ అయినా, తోటలో పనిచేసే తాత అయినా. నాన్న పక్కన నిలబడాలి. ఇందులో తప్పించుకునే వీలు లేదు. నా లెక్కన చెంపదెబ్బకన్నా ఇదే కఠినం, ఎందుకంటే దెబ్బ తిన్నాక లెక్క తీరిపోయిందనుకుంటాడు, క్షమాపణ చెప్పాక ఆ మనిషిని రోజూ చూడాలి. ఇంట్లో పెద్దవాళ్లు పనిమనిషిని ఎలా పిలుస్తున్నారో, కండక్టరుతో ఎలా గొడవ పడుతున్నారో కూడా అదే రోజు మారాలి. లేకపోతే పిల్లాడికి చెప్పినవన్నీ గాలికి పోతాయి.

2024 డిసెంబరు నుంచి రాష్ట్రంలో ప్రభుత్వ బడులన్నిటిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెడుతున్నారు. ఆ బడుల్లోనే మధ్యాహ్న భోజన పథకానికి మన గోదావరి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నాం. ఈసారి మీటింగుకి వెళ్లినప్పుడు "రెండు దెబ్బలు వేయండి మాస్టారూ" అనకండి. మార్కుల సంగతి అడిగాక ఇంకో ప్రశ్న అడగండి: మా వాడు అన్నం వడ్డించే ఆయమ్మతో ఎలా మాట్లాడుతున్నాడు? జవాబు బాగోకపోతే, వాణ్ణి వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లండి.