పాత ఆటకు నకలు: చౌర్యమా? సంరక్షణా?

పుస్తకం చదవడానికి కన్నులుంటే చాలు. వీడియో గేమ్ ఆడాలంటే మాత్రం అది ఏ యంత్రం కోసం తయారైందో ఆ యంత్రమే కావాలి. కాలక్రమంలో ఆ యంత్రాల ఉత్పత్తి ఆగిపోతుంది. ఫ్లాపీలు, క్యాసెట్లు కొన్ని దశాబ్దాలకే క్షీణిస్తాయి. అప్పుడు ఆట పేరు మిగులుతుంది గాని ఆట మిగలదు. ఈ నష్టాన్ని నివారించగల సాధనం ఎమ్యులేటర్. పాత యంత్రం చేసే పనిని కొత్త కంప్యూటరు చేత చేయించే ప్రోగ్రామ్ అది. అయితే దానిపై ఆడాలంటే ముందుగా ఆటకు నకలు తీయాలి. అది న్యాయమా, అన్యాయమా అన్నదే వివాదం.

యంత్రాన్ని అనుకరించడం వేరు, ఆటను నకలు చేయడం వేరు. సోనీ సంస్థ ప్లేస్టేషన్ ఆటలను మామూలు కంప్యూటరుపై ఆడించే ప్రోగ్రామ్‌ను కనెక్టిక్స్ అనే సంస్థ తయారుచేయగా, సోనీ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2000లో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం కనెక్టిక్స్ పక్షాన నిలిచింది. ఆ ప్రోగ్రామ్‌లో సోనీ వ్రాసిన భాగమేదీ లేకపోవడం అందుకొక ముఖ్య కారణం. ఆట సంగతి అలా కాదు. దాని వెనుక ప్రోగ్రామర్లు, చిత్రకారులు, సంగీతకర్తల శ్రమ ఉంది. ఆ శ్రమఫలాన్ని అనుమతి లేకుండా పంచిపెట్టడం కాపీరైట్‌ను ఉల్లంఘించడమే. నింటెండో ఆటల నకళ్లను అందించిన ఒక వెబ్‌సైటు నిర్వాహకుడు 21 లక్షల డాలర్లు చెల్లించాలని 2021లో అమెరికా న్యాయస్థానం ఆదేశించింది. ఆ తీర్పును తప్పుపట్టలేము.

అయితే, హక్కుదారే అమ్మడం మానివేసిన ఆట మాటేమిటి? 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం మార్కెట్టులో లభించడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అమెరికాలో సంస్థల రచనలకు ప్రచురణ నాటి నుండి 95 ఏళ్లు రక్షణ ఉంటుంది. అంటే 1980 నాటి ప్యాక్-మ్యాన్ 2075 ముగిసే వరకు హక్కుదారుల అధీనంలోనే ఉంటుంది. అంతకాలం హక్కు నిలుస్తుంది. కాని ఫ్లాపీ నిలుస్తుందా?

నకలు వ్రాసినవారు లేకుంటే మన ప్రాచీన సాహిత్యం మనకు దక్కేది కాదు. 19వ శతాబ్దంలో సి.పి.బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు వ్రాయించాడు. అప్పటి కవులకు కాపీరైట్ లేదన్నది నిజమే. అయినా రచన బ్రతకాలంటే ప్రతి ఉండాలన్న సూత్రం మారలేదు. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కూడా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను న్యాయంగా పొందిన వ్యక్తి, నష్టం నుండి రక్షణ కోసం దానికి ప్రతి తీసుకొనడాన్ని అనుమతిస్తోంది.

ఈ వెసులుబాటు గ్రంథాలయాల పాఠకులకూ అందాలి. అమ్మకంలో లేని ఇతర సాఫ్ట్‌వేర్‌ను దూరంలో ఉన్న పరిశోధకులకు చూపడానికి అమెరికా ప్రభుత్వం 2021లో గ్రంథాలయాలను అనుమతించింది. ఆటల విషయంలో అదే కోరికను 2024లో తిరస్కరించింది. వినోదానికి దుర్వినియోగమవుతుందన్నది పరిశ్రమ భయం. పుస్తకాన్నీ వినోదానికే చదివేవారున్నారు. అందుకని గ్రంథాలయాలను మూసివేయలేదు కదా! ఏళ్ల తరబడి అమ్మకంలో లేని ఆటను గ్రంథాలయం ఒకసారి ఒక్కరికే ఇవ్వవచ్చు. హక్కుదారు తిరిగి అమ్మకానికి పెట్టిననాడు మానుకోవచ్చు. ఇందువల్ల యజమానికి నష్టం లేదు, చరిత్రకు లాభం ఉంది. అమ్మే వస్తువును అపహరించేవానిని శిక్షించవలసిందే. అమ్మనిదానిని కాపాడేవానిని అదే గాటన కట్టడం మాత్రం న్యాయం కాదు.