పెద్ద పైపు వేసే ముందు



మన పిలకాయలు కార్లకు గాలి పైపులు మార్చి పెద్దవి వేసుకోవడం మీద సంఘంలో రెండు మాటలు నడుస్తుండాయి. పెద్దవాళ్ళు ‘పోకిరితనం, మాన్పించండి’ అంటారు. పిలకాయలు ‘జి.డి. నాయుడు పుట్టిన జిల్లా మాది’ అంటారు. మేము రెండూ ఒప్పుకోము.

మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు చేసిన కరివర్ధన్ మన కోయంబత్తూరు ఆయనే. 1995లో ఆయన పోయాక చెట్టిపాళయం ట్రాక్‌కు ఆ పేరే పెట్టారు. అది పోకిరితనమా?

అయితే కార్బురేటర్ రోజుల్లో గాలిని తూచే యంత్రం లేదు. ఇప్పుడు చాలా బండ్లలో ఫిల్టర్ దాటగానే పైపులో సెన్సర్ ఉంటుంది. అందులో ఒక వేడి తీగ. గాలి తగిలి తీగ చల్లబడుతుంది, దాన్ని మళ్ళీ వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి కంప్యూటర్ గాలి బరువు లెక్క కడుతుంది. పెట్రోలు దాన్ని బట్టే. కానీ తీగకు తగిలేది కొంచెం గాలే, మిగతాదంతా పైపు వెడల్పును బట్టి వేసిన లెక్క. అంటే కాటాలో సగం ఆ పైపే.

60 మిల్లీమీటర్ల పైపు తీసి 70ది వేస్తే లోపలి వైశాల్యం 36 శాతం పెరుగుతుంది. అదే గాలి నిదానంగా పోతుంది, సెన్సర్ తక్కువ చూపిస్తుంది, పెట్రోలు తక్కువ పడుతుంది. మామూలుగా పోయేటప్పుడు పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కొంత సర్దుతుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఆ సర్దుబాటు నడవదు. మేట్టుపాళయం దాటి ఊటీ ఘాట్ ఎక్కేది అట్లాగే కదా! పిస్టన్ కరిగేది అక్కడే. బండిలో అమ్మా నాన్నా ఉంటారు.

వంపు పక్కనే సెన్సర్ పెట్టడం ఇంకో తప్పు. వంపులో గాలి బయటి గోడకు ఒరుసుకుని పోతుంది, లెక్క ఊగుతుంది. ముందు కొంత దూరం పైపు తిన్నగా ఉండాలి. గాలికి అడ్డమని లోపలి జాలీ పీకేస్తుండారు, గాలిని సరిచేసేదే అది. ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పూస్తే తీగకు పట్టుకుంటుంది.

సెన్సర్ తర్వాత జాయింట్ లూజైతే? మేము రైల్వే గుమాస్తాలుగా బతికినవాళ్ళం. కాటా దాటిన వ్యాగన్‌లో మూటలు ఎక్కిస్తే రసీదు లెక్క ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

కొన్ని కార్లలో ఈ తీగ ఉండదు, ఇంజన్ దగ్గర గాలి ఒత్తిడి చూసి లెక్క వేస్తారు. వాటి కథ వేరు. మీ బండి ఏ రకమో ముందు అడగండి.

జి.డి. నాయుడు మోటారు సైకిలు కొన్నాక మొదట దాన్ని విప్పి పని నేర్చుకున్నారు. ఆయన పేరు చెప్పేవాళ్ళు ఆ పనీ చెయ్యాలి. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి: కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. రేసు బండికి ట్రాక్ ఉంది, రోడ్డు కాదు.

పెద్దలకు మా మనవి, తిట్టడం ఆపి ఒక ఆదివారం సంఘం హాలు ఇవ్వండి. స్కానర్ పెట్టి, కంప్యూటర్ పెట్రోలును ఎంత సర్దుతోందో ప్రతి పిల్లవాడి బండిలోనూ చూద్దాం. పది శాతం దాటి పెంచుతున్న బండికి పాత పైపు తిరిగి పెట్టించాలి. స్కానర్ ఉన్న మెకానిక్ తమ్ముళ్ళు కార్యదర్శికి పేరు ఇవ్వండి.