పట్నం పెరిగింది సరే, మన పాలు ఏది?

పొట్ట చేతపట్టుకుని పట్నం పోయేవాళ్లలో మనవాళ్లే ముందుంటారు. ఆ పట్నంలో పని ఎక్కణ్ణించి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించామా? పట్నం దానంతటదే పెరగదు. ఫ్యాక్టరీ పడితే పని పుడుతుంది. పని ఉన్నచోటికి జనం చేరతారు. జనం చేరితే కొట్లు, బళ్లు, బస్సులు, ఆసుపత్రులు వస్తాయి. ఇదీ వరస.

విశాఖపట్నాన్నే చూడండి. 1933లో రేవు తెరిచారు. 1941లో ఓడల కార్ఖానాకు పునాది వేశారు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1960లలో ఎరువుల ఫ్యాక్టరీ వచ్చింది. 1966లో 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని జనం రోడ్డెక్కారు, 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. 1951లో లక్ష పైచిలుకు జనం ఉన్న పట్నం 2011 నాటికి 17 లక్షలు దాటింది. గాజువాక లాంటి చుట్టుపక్కల ఊళ్లు 2005లో కార్పొరేషన్‌లో కలిసిపోయాయి.

మరి ఈ పట్నం ఎవరి నేల మీద లేచింది? ఒక్క ఉక్కు కర్మాగారానికే 20 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. అరవైకి పైగా ఊళ్ల జనం కదలాల్సి వచ్చింది. అప్పుడున్నది 1894 నాటి తెల్లదొరల చట్టం. పట్టా ఉన్నోడికే పరిహారం అంది. ఆ పొలంలో తరతరాలుగా నాగలి పట్టిన పాలేరు, నాటు వేసిన కూలి తల్లి దాని లెక్కలోనే లేరు. భూమి పోతే రైతుకి డబ్బన్నా వచ్చింది. కూలికి పని పోయింది, గుడిసె పోయింది, చేతికి మాత్రం ఏమీ రాలేదు.

అలాగని ఫ్యాక్టరీలు వద్దంటామా? అనం. బాబాసాహెబ్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, వ్యవసాయం జబ్బుకి పరిశ్రమలే మందు అన్నారు. 1947లో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్నారు. ఎందుకో మనకి తెలుసు. ఊళ్లో కులమే పని పంచుతుంది. ప్రభుత్వ ఫ్యాక్టరీలో రోస్టరు ఉంది. కేంద్ర సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం ఉంది. ఆ దారినే మన పిల్లలు కొందరు క్వార్టర్లలోకి, కాలేజీల్లోకి వెళ్లగలిగారు.

ఆ దారికే ఇప్పుడు గండి పడుతోంది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరుపాళ్లూ అమ్మేందుకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు దీక్షలకు దిగారు. 2025 జనవరిలో 11,440 కోట్ల సాయం ప్రకటించింది. సాయం మంచిదే. కానీ రోస్టరు నిలుస్తుందా అన్నదే మన ప్రశ్న. విశాఖ జింకు కర్మాగారం సంస్థతో పాటు 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2012లో మూతపడింది. ప్రైవేటు గేటులో రోస్టరు లేదు. కాంట్రాక్టు మేస్త్రీ రోస్టరు మాట వినడు.

కాబట్టి కార్యకర్తలారా, రేపు మీ మండలానికి ఫ్యాక్టరీ వస్తుందంటే చప్పట్లు కొట్టేముందు మూడు పనులు చెయ్యండి. ఒకటి, కూలీల పేర్లు రాయించండి. భూమి లేకున్నా, అంతకుముందు మూడేళ్లుగా అక్కడ పనిచేసి బతికిన కుటుంబం కూడా బాధిత కుటుంబమేనని 2013 చట్టం చెబుతోంది. జాబ్ కార్డులు, రేషన్ కార్డులు భద్రం. రెండు, డి-పట్టా భూమికి విలువ లేదంటే నమ్మకండి. పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు చెప్పింది. మూడు, కాంట్రాక్టు పనుల్లోనూ రిజర్వేషన్ కావాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి.

నేల మనది, చెమట మనది. పట్నం పెరిగితే మన వాటా కూడా పెరగాలి. అడగనిదే ఎవడూ ఇవ్వడు.

జై భీమ్!